తవుడు పోసి కొన్నావిడ

మొన్న వన్ టౌన్‌లో దాణా కొట్టు ముందునుంచి వస్తుంటే తోపుడుబండి మీద నుంచి ఓ బస్తా జారిపడి పిగిలింది. కొత్త తవుడు. సందంతా కమ్మటి వాసన. నేను వంగి పిడికెడు తీసి అరచేతిలో పోసుకుని చూస్తూ నిలబడ్డాను. కొట్టాయన వచ్చి, "గేదెలున్నాయాండీ మీకు? తూచి ఇమ్మంటారా?" అన్నాడు. "గేదెలూ లేవు, దూడలూ లేవు నాయనా. ఒకప్పుడు నా ఖరీదెంతో చూసుకుంటున్నా," అన్నాను. పిచ్చిదనుకుని ఉంటాడు. అనుకోనీ.

నిజంగానే నన్ను చేటెడు తవుడు పోసి కొన్నారు. నాకు ముందు పుట్టిన ముగ్గురు పిల్లలూ పురిట్లోనే పోయారు. నేను పుట్టి కేరుమన్న రోజునే మా నాయనమ్మ తేల్చి చెప్పేసింది. "ఇది మనదనుకుంటే దక్కదు. అమ్మెయ్యాల్సిందే." బిడ్డలు దక్కని ఇళ్ళలో ఈ ఆచారం ఉండేది. పుట్టిన బిడ్డని తవుడుకో నూకలకో పరాయివాళ్ళకి అమ్ముతారు. కొన్నవాళ్ళు కాసేపు తమ ఇంట్లో ఉంచుకుని, పెంచి పెట్టమని మళ్ళీ కన్నతల్లికే అప్పగిస్తారు. అప్పట్నుంచి ఆ బిడ్డ కొన్నవాళ్ళది. తల్లి పాలిచ్చే మనిషి, అంతే. నలుగురిలో "నా బిడ్డ" అనకూడదు. యముడొచ్చి "ఈ ఇంటి బిడ్డ ఏదీ?" అంటే "ఇక్కడ మా బిడ్డ ఎవరూ లేరు" అని చెప్పడానికన్నమాట. యముడంతటివాణ్ణి ఇంత సులువుగా బురిడీ కొట్టించవచ్చని మా నాయనమ్మకి ఎవరు చెప్పారో!

కొన్నది మా పక్కవాటాలో అద్దెకుండే టీచరుగారు. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కతే ఉండేది. ఆదివారం చర్చికి, మిగతా రోజులు బడికి. నాన్నకి అదే సందు చివర నేత చీరల కొట్టు. టీచరుగారిది వేరే కులం, వేరే దేవుడు. అందుకే నాయనమ్మ ఆవిణ్ణి ఎంచుకుంది. "మన యముడికి ఆ గుమ్మం తెలీదే," అనేది. అప్పటిదాకా మా మంచినీళ్ళ బిందె దరిదాపులకి కూడా ఆవిణ్ణి రానిచ్చేది కాదు. బిందె ముట్టుకోనివ్వని మనిషి, మనవరాల్ని మాత్రం తీసుకెళ్ళి ఆవిడ చేతుల్లో పెట్టింది. మా పెద్దవాళ్ళ ధర్మాలు అలా ఉండేవి మరి.

ఆవిడ మొదట ఒప్పుకోలేదట. "ఇవన్నీ నేను నమ్మనండి మామ్మగారూ. పిల్లని డాక్టరమ్మకి చూపిద్దాం, నేనూ తోడొస్తాను," అందట. మా అమ్మ పచ్చి బాలింత. మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, ఆవిడ గుమ్మంలో కూలబడి, "ఈ ఒక్కదాన్నయినా దక్కనివ్వండి టీచరుగారూ," అని ఏడ్చిందట. టీచరుగారు లోపలికెళ్ళి చేట తెచ్చింది. కొన్నాక మాత్రం డాక్టరమ్మ దగ్గరికి నన్ను ఎత్తుకుని తిప్పడం మానలేదు. నేను బతికింది తవుడు వల్లనా, సూదిమందుల వల్లనా అని ఎవరైనా అడిగితే నాయనమ్మ తవుడే అనేది. టీచరుగారు కాదనేది కాదు. నవ్వేది.

సందులో పిల్లలు నన్ను 'తవుడు' అనే పిలిచేవాళ్ళు. బళ్ళో వేరే పేరుండేది గానీ దానికి నేను పలికేదాన్ని కాదు.

నాకు ఆవిడంటే ముందుగా గుర్తొచ్చేవి చేతులు. మనిషి పొట్టి, సన్నం. చేతులు మాత్రం ఎవరి దగ్గర్నుంచో అరువు తెచ్చుకున్నట్టు పెద్దవి, పొడుగాటి వేళ్ళు. తెల్ల వాయిలు చీర, సన్నంచు. నల్ల గొడుగొకటి రోజూ తెచ్చేది. ఎండలో తెరిచేది కాదు, "వాన కోసం దాచానే" అనేది. తీరా వానొస్తే ఆ గొడుగు ఎవరో పిల్ల చేతిలో పెట్టి తను తడిసి ఇంటికొచ్చేది. మా నాయనమ్మ అరుగు మీంచి, "ఆ గొడుక్కి మనిషి కావాలి గానీ ఆ మనిషికి గొడుగు అక్కర్లేదు," అని దెప్పేది. ఆవిడ చీర కొంగు పిండుకుంటూ, "నిజమేనండి మామ్మగారూ," అనేసి లోపలికి పోయేది. ఆవిడతో దెబ్బలాట పెట్టుకోవడం చాలా కష్టం.

ఆడపిల్లల హైస్కూల్లో మాకు ఇంగ్లీషు ఆవిడే. మేమందరం వన్ టౌన్ వ్యాపారస్తుల పిల్లలం. పట్టుకోవడానికి ఇంగ్లీషులో మాకు వచ్చిన మాట ఒక్కటే, 'క్యాచ్'. బాలు పట్టుకున్నా క్యాచే, అమ్మ చెయ్యి పట్టుకున్నా క్యాచే, దొంగ గొలుసు పట్టుకుపోయినా క్యాచే. ఆవిడ నెత్తి కొట్టుకునేది. "ఇంగ్లీషువాడు ఎన్ని రకాలుగా చెయ్యి చాపాడో అన్ని మాటలు చేసుకున్నాడే తల్లుల్లారా. మీరు అన్నిటికీ ఒకే తాళంచెవి పెడుతున్నారు. తలుపులు విరుగుతున్నాయి."

ఓ రోజు కోడిగుడ్డు తెచ్చి ముందు బెంచీ పిల్ల చేతిలో పెట్టింది. "పడకూడదు, పగలకూడదు. ఇప్పుడు నువ్వు చేస్తున్నది హోల్డ్." తర్వాత అందరినీ బడి ఆవరణలో బోరింగు దగ్గరికి తీసుకెళ్ళింది. "ఈ పిడిని గుడ్డుని పట్టుకున్నట్టు పట్టుకో, నీళ్ళొస్తాయేమో చూద్దాం. రావు. బిగించు. ఇదీ గ్రిప్ అంటే." దుర్గమ్మ కొండ మీద కోతి మన చేతిలో అరటిపండు లాక్కుపోయిందే, అది గ్రాబ్. రైలు కదిలిపోతుంటే ఎక్కే ఆడమనిషి చంటిబిడ్డని గుండెకి అదుముకుంటుందే, అది క్లచ్. "అక్కడ పట్టుకునేది చెయ్యి కాదు, భయం," అనేది. సీజ్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెప్పనక్కర్లేకపోయింది. "మొన్న ఆఫీసర్లొచ్చి మా నాన్న బట్టల బేళ్ళు సీజ్ చేసుకుపోయారు టీచర్," అని వెనక బెంచీలోంచి ఒకమ్మాయి. ఇక గ్రాస్ప్. "ఇది బుర్రతో కూడా చెయ్యొచ్చు. మన క్లాసులో ఇంకా ఎవరూ చెయ్యలేదు, ప్రయత్నించండి."

మర్నాడు హ్యావ్, ఓన్, కీప్ చెప్పింది. "నీకు జలుబుంది, అది హ్యావ్. జలుబు నా సొంతం అని ఎవరూ చెప్పుకోరు. ఓన్ అంటే, నీ దగ్గర లేకపోయినా నీదే. కీప్ అంటే, నీది కాకపోయినా నీ దగ్గరే ఉంటుంది." అంతే, సీజ్ పిల్ల లేచి నిలబడింది. "అయితే టీచర్, మన తవుడుని మీరు ఓన్ చేశారు, వాళ్ళమ్మ కీప్ చేస్తోంది. కరెక్టేనా?" క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. టీచరుగారు మాత్రం నవ్వలేదు. మాకు వీపు తిప్పి బోర్డు తుడవడం మొదలుపెట్టింది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు. కాసేపటికి ఇటు తిరిగి, "వాక్యం కరెక్టే. కూర్చో," అంది.

ఆ సాయంత్రం ఇంటికి నడిచొస్తుంటే నన్ను అడిగింది. "బాధపడ్డావా?"

"లేదండీ."

"నేను పడ్డానే. మనుషుల విషయంలో ఆ మాటలేవీ పనికిరావు. మనిషిని హోల్డ్ చెయ్యొచ్చు, అంతే. అదీ ఆ గుడ్డుని పట్టుకున్నట్టు." అలా అని ఊరుకోకుండా, "రేపటి నుంచి ఆ పిల్లని ముందు బెంచీలో కూర్చోబెడతాను. బుర్రుంది దానికి," అంది.

ఆవిడ నాకు జడ వేసేది. వదులుగా, దువ్వెన తగలనట్టు వేసేది. ఇంటికి రాగానే మా అమ్మ దాన్ని విప్పి బిగించి వేసేది. క్రిస్మస్‌కి ఆవిడ కొత్త గౌను కుట్టిస్తే మా అమ్మ దానికి ఇంకో కుట్టు వేసి ఇచ్చేది. ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అనుకునేవాళ్ళు కాదు. మా అమ్మ ఎదురుగా ఉంటే టీచరుగారు నన్ను దగ్గరికి తీసుకునేది కాదు. టీచరుగారు ఎదురుగా ఉంటే మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు. ఇద్దరి మధ్యా నేను మాత్రం రాజకుమారిలా తిరిగేదాన్ని.

మా అమ్మ ఎంత భయస్థురాలో చెప్పాలి. ఓసారి గన్నవరం బస్సులో కండక్టరు, "మీ అమ్మాయేనామ్మా? అర టిక్కెట్టు వయసు దాటినట్టుందే!" అన్నాడు. "మా అమ్మాయి కాదండి," అంది మా అమ్మ ఠక్కున. పూర్తి టిక్కెట్టు తీసుకుని, కిటికీవైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుంది. నేను వేరుశనక్కాయలు తింటున్నాను. ఎందుకేడుస్తోందో నాకు అర్థమయ్యే వయసు కాదు.

ఇంకోసారి నాకు టైఫాయిడ్ వచ్చింది. ఒళ్ళు కాలిపోతుంటే మా అమ్మ ఆపుకోలేక, "నా తల్లే, నా బంగారు కూతురే," అనేసింది. నాయనమ్మ ఉరికొచ్చి అమ్మ నోరు మూసేసింది. "కొంప ముంచావే!" అని, తెల్లారగానే టీచరుగారి తలుపు తట్టింది. "మళ్ళీ కొనాలి టీచరమ్మా, ఇది నోరు జారింది." టీచరుగారు బడికి తయారై ఉంది. గొడుగు పక్కన పెట్టి, చేట తీసుకుని, తవుడు పోసి నన్ను రెండోసారి కొంది. తర్వాత మా అమ్మ భుజం మీద చెయ్యేసి, "ఏం కాదు వదినగారూ. ఒక్క మాటకి పోయే ప్రాణం కాదు దీనిది," అంది. మా అమ్మ మటుకు ఆ తర్వాత ఒక్కసారి కూడా నోరు జారలేదు.

నేను ఇంటర్ పూర్తి చేసిన ఏడు బందరు నుంచి సంబంధం వచ్చింది. బట్టల హోల్‌సేలు వ్యాపారం, ఒక్కడే కొడుకు. నాన్న గాల్లో తేలిపోయాడు. నాకు మాత్రం చదువుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆ మాట ఇంట్లో ఎవరు వింటారు? అన్నీ కుదిరాక నాయనమ్మ అడ్డుపుల్ల వేసింది. "కన్యాదానం ఎలా చేస్తావురా? నీది కాని పిల్లని నువ్వెలా దానం ఇస్తావ్? ముందు టీచరమ్మ దగ్గర తిరిగి తీసుకో."

ఆ మాట నా చెవిన పడగానే నేను పక్కవాటాలోకి పరుగెత్తాను. "మీరు ఇవ్వనని చెప్పండి టీచర్. మీరు కాదంటే ఈ పెళ్ళి జరగదు. నేను బి.ఏ. చదువుకుంటాను," అని ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చాను.

"ఇవ్వననమంటావా? మీ అమ్మ ఇన్నేళ్ళు నిన్ను 'నాది' అనకుండా బతికింది. నేను ఊరికే మాట వరసకి కొన్నదాన్ని, ఇప్పుడు నాది అని కూర్చోనా?"

"అయితే నన్ను అమ్మేస్తారా?"

"నువ్వు ఇంటికి పో," అంది.

మర్నాడు పొద్దున్నే మావాళ్ళు ముగ్గురూ చేటలో తవుడు, పైన కొత్త చీర పెట్టుకుని ఆవిడ వసారాలోకి వెళ్ళారు. నేను గుమ్మం వెనక నిలబడ్డాను. "మా పిల్లని మాకిచ్చెయ్ టీచరమ్మా," అంది నాయనమ్మ.

"తప్పకుండా ఇస్తానండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఖరీదు ఎవరు చెప్పాలి మామ్మగారూ?"

"ఇచ్చేవాళ్ళే చెప్పాలి."

"బేరం ఆడొచ్చా?"

"అమ్మమ్మో! బేరం ఆడితే పిల్లకి అరిష్టం కాదూ! నువ్వు కొన్ననాడు మాత్రం ఆడావా? అడిగినంతా పోశావు."

"అయితే నాకీ తవుడొద్దండి. చీరా వద్దు. పిల్ల బి.ఏ. పాసవ్వాలి. అదే నేను చెప్పే ఖరీదు. పాసైన రోజున నా చేతులతో తెచ్చి మీకు అప్పగిస్తాను."

నాన్న ఎగిరిపడ్డాడు. "ఇదేం న్యాయమండీ టీచరుగారూ! బందరువాళ్ళు మూడేళ్ళు కూర్చుంటారా? పిల్ల జీవితంతో ఆటలా మీకు?" ఆవిడ తల వంచుకుని నిలబడింది. నాన్న ఇంకా ఏదో అనబోతుంటే నాయనమ్మే కసిరింది. "నోరు ముయ్యరా! బేరం ఆడకూడదని ఇప్పుడే చెప్పానా లేదా!" తను పన్నిన వలలో తనే పడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. గుమ్మం వెనక నేను సంతోషంతో గెంతబోయాను.

అప్పుడు మా అమ్మ మాట వినిపించింది. స్తంభానికి ఆనుకుని కింద కూర్చుంది. "ఇంకా మూడేళ్ళాండీ?" అంది. అంతే అంది. బందరు సంబంధం గురించి కాదు ఆవిడ అడిగింది. నన్ను నోరారా కూతురా అని పిలవడానికి ఇంకా మూడేళ్ళా, అని. టీచరుగారు వెళ్ళి మా అమ్మ పక్కన నేలమీద కూర్చుంది. "క్షమించండి వదినగారూ. మూడేళ్ళే. ఆ తర్వాత దీని మీద నా నీడ కూడా పడదు. మాటిస్తున్నాను," అంది. ఆ మాట ఎంత బరువైందో ఆ క్షణంలో అక్కడ ఎవరికీ తెలియదు, నాకసలే తెలియదు.

బందరు సంబంధం తప్పిపోయింది. నాన్న ఆవిడతో మాటలు మానేశాడు. మా అమ్మ మాత్రం కూర గిన్నె పంపడం మానలేదు. నేను కాలేజీకి వెళ్ళాను. రోజూ సాయంత్రం టీచరుగారి దగ్గర కూర్చుని చదివాను. అంతకన్నా మంచి రోజులు నా జీవితంలో లేవు. నేను తప్పు చేసినప్పుడల్లా, "ఇలా అయితే మీ అమ్మకి ఇంకో ఏడు ఆలస్యమవుతుందే," అనేది. అలా అన్నరోజు నాకంటే ఎక్కువగా ఆవిడే పుస్తకం ముందు కూర్చునేది.

పాసయ్యాను. ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆవిడ తలస్నానం చేసి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని మా వసారాలోకి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. చిన్నప్పుడు రోడ్డు దాటించినట్టే. మా అమ్మ చేతిలో నా చెయ్యి పెట్టింది. తన చెయ్యి తీసేసేముందు ఓసారి నా వేళ్ళన్నీ సవరించింది. నాయనమ్మ పీట మీద కూర్చుని, "తిరిగి ఇచ్చేసినదాన్ని మళ్ళీ ముట్టుకోకూడదు టీచరమ్మా. నాదనే మాట పొరపాటునైనా రాకూడదు," అంది. "అలాగేనండి," అంది టీచరుగారు.

ఆ రోజు మా అమ్మని చూడాలి! సందులోకి వెళ్ళి నిలబడి కూరలమ్మని పిలిచి, "మా అమ్మాయే! మా అమ్మాయి బి.ఏ. పాసైంది!" అంది. రిక్షా అతన్ని ఆపి చెప్పింది. ఎదురింటివాళ్ళకి చెప్పింది. ఇరవై ఏళ్ళ నుంచి తెలిసినవాళ్ళకే కొత్తగా చెప్పింది. "మా అమ్మాయండీ, నా కూతురండీ," అని నవ్వుతోంది, ఏడుస్తోంది. నేను సిగ్గుతో లోపలికి లాగుతుంటే పక్కవాటా వైపు చూశాను. టీచరుగారు తన గుమ్మంలో నిలబడి మా అమ్మనే చూస్తోంది. ఆవిడ మొహంలో సంతోషం ఉంది. నేను అబద్ధం చెప్పను, సంతోషమే ఉంది. ఆ తర్వాత లోపలికెళ్ళి నెమ్మదిగా తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే పుస్తకం పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాను. ఆవిడ లేచి నిలబడి కుర్చీ జరిపింది. "రండి అమ్మాయిగారూ. కూర్చోండి."

హాస్యమాడుతోందనుకున్నాను. కాదు. 'మీరు' అంది. మర్నాడూ అంతే. జడ వెయ్యమంటే, "మీ అమ్మగారు వేస్తారండి," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంటండీ ఈ నాటకం? తవుడూ చేటా మీరసలు నమ్మరు కదా! నాయనమ్మ ఏదో అంటే పట్టించుకుంటారా?" అని అరిచాను.

ఆవిడ కిటికీలోంచి మా వాటా వైపు చూసింది. మా అమ్మ పెరట్లో పాట పాడుకుంటూ గిన్నెలు కడుగుతోంది. మా అమ్మ పాడగలదని అంతవరకు నాకు తెలియదు. "నేను నమ్మనండి," అంది టీచరుగారు. "ఆవిడ నమ్ముతారు. నేను మిమ్మల్ని ముట్టుకున్న రోజున ఆవిడకి మళ్ళీ నిద్రపట్టదు. ఆవిడ మీకోసం ఇరవై ఏళ్ళు నోరు కట్టుకున్నారు. నేను చేతులు కట్టుకోలేనా?"

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆవిడ చెయ్యి నా తల దాకా వచ్చి ఆగిపోవడం తెలిసింది. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళి కుర్చీ అంచు పట్టుకుంది.

ఆ వేసవిలోనే గన్నవరం సంబంధం కుదిరి నా పెళ్ళయింది. నాన్న కన్యాదానం చేశాడు. టీచరుగారు బళ్ళో పనిచేసే మిగతా టీచర్లతో కలిసి వెనక వరసలో కూర్చుంది. అక్షింతలు వేసేటప్పుడు అందరూ పీటల దాకా వచ్చి తల మీద వేశారు. ఆవిడ మాత్రం దూరంగా నిలబడి విసిరింది. నాలుగు గింజలు నా దాకా వచ్చాయి. మిగతావి మధ్యలోనే రాలిపోయాయి.

రెండేళ్ళకి ఆవిడ మంచం పట్టింది. మూత్రపిండాలు చెడిపోయాయన్నారు. అప్పటికి నాయనమ్మ లేదు. ఆవిడకి జావ కాచి, చెంచాతో తాగించి, ఒళ్ళు తుడిచిందంతా మా అమ్మే. నాన్న కూడా పాత కోపం వదిలేసి తనే రిక్షా పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు. నేను ఐదో నెలతో పుట్టింటికి వచ్చి ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళాను. నన్ను గుమ్మంలో చూడగానే ఆవిడ చేసిన మొదటి పని, రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కోవడం. అంత నీరసంలోనూ లాక్కుంది.

"ఎన్నో నెలండీ?"

"ఐదండీ."

"డాక్టరుకి చూపించుకుంటున్నారా? తవుడుతో సరిపెట్టకండి." నవ్వబోయింది, దగ్గొచ్చింది. నేను ముందుకి వంగితే తల అడ్డంగా ఊపింది. పక్కనే మా అమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్నిద్దర్నీ చూస్తోంది. తర్వాత వంటింట్లో చాలాసేపు కుళాయి తిప్పి వదిలేసిన చప్పుడు వినిపించింది.

మూడో రోజు తెల్లవారుజామున ఆవిడ పోయింది. కడుపుతో ఉన్నదాన్ని, శవాన్ని చూడకూడదు, శ్మశానం గడప తొక్కకూడదు. పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునే మా అమ్మ నన్ను గది దాటనివ్వదని నాకు తెలుసు. మంచం మీద పడి ఏడుస్తున్నాను. మా అమ్మ వచ్చి నా చీర కొంగు సర్ది, "లే. చెప్పులేసుకో," అంది.

"నేనొస్తే బిడ్డకి ఏమన్నా అవుతుందేమోనే అమ్మా."

"ఏమీ కాదు, లే." నా రెక్క పట్టుకుని లేపింది.

సమాధుల తోటలో ఎక్కువమంది లేరు. బడి టీచర్లు, చర్చివాళ్ళు, మేము. పాస్టరుగారు ప్రార్థన ముగించి పెట్టెని కిందికి దింపించారు. "రక్తసంబంధీకులు ముందుగా వచ్చి మట్టి వెయ్యండి," అన్నారు. ఎవరూ కదల్లేదు. ఆవిడకి అలాంటివాళ్ళు ఎవరున్నారు? బడి హెడ్మిస్ట్రెస్ అటూ ఇటూ చూసి, తనే ముందుకి అడుగు వెయ్యబోయింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. ముట్టుకోనని మాటిచ్చింది ఆవిడ. ఆ మాట ఇచ్చింది మా అమ్మకి. మా అమ్మ నా పక్కనే ఉండగా నేను కదలలేకపోయాను.

"ఆగండి," అంది మా అమ్మ. నలుగురిలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి. పాస్టరుగారు ఆగారు. హెడ్మిస్ట్రెస్ ఆగింది. మా అమ్మ వంగి, దోసెడు మట్టి తీసి, నా దోసిట్లో పోసి, వీపు మీద చెయ్యేసి నన్ను ముందుకి నడిపించింది.

"ముందు కూతురు వెయ్యాలండి," అంది.